మాటకు ఆరున్నర రియాళ్లు

ఈసారి సెలవుకి నేను దరఖాస్తు రాయించలేదు. ఫోనులో నాలుగు చోట్ల నొక్కాను. ఎన్ని రోజులు అని అడిగింది, చెప్పాను. కారణం ఏమిటని అడిగి, జవాబులు కూడా అదే రాసిపెట్టింది: కుటుంబం, ఆరోగ్యం, ఇతరం. నేను 'ఇతరం' మీద వేలు పెట్టాను. గంటలో సెలవు మంజూరైంది. సౌదీలో, అల్ ఖర్జ్‌లోని ఈ పాల ఫారంలో చల్లగదుల మిషన్లు బాగుచేయడం మొదలుపెట్టి పదమూడేళ్లు దాటింది, ఇంత సులువుగా ఎప్పుడూ సెలవు దొరకలేదు. సంతోషించాల్సింది పోయి నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ఇంటికి పోవడం 'ఇతరం' ఎలా అవుతుంది? ఎమ్మే ఉంటే ఊరుకునేవాడా?

ఎమ్మే మా గదిలో నాలుగేళ్లు ఉన్నాడు. రెండేళ్ల కిందట పని మానేసి, పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోయాడు. అసలు పేరు చెప్పను, ఇప్పుడు ఊళ్లో నలుగురిలో తిరుగుతున్న మనిషి. ఎవరు పరిచయమైనా ముందు సలాం పెట్టేవాడు, తర్వాత ఊరి పేరు, ఆ వెంటనే 'ఎమ్మే ఇంగ్లీష్'. ఇంకో అయిదు నిమిషాలు నిలబడితే ఎన్ని మార్కులొచ్చాయో కూడా వినాల్సి వచ్చేది. అందుకని అదే పేరైపోయింది.

మా జగిత్యాల వైపు వాడే, మా ఊరికి రెండు కిలోమీటర్లు. ఏజెంటు ఆఫీసులో కూర్చునే పని అని చెప్పి పంపాడు. వచ్చి చూస్తే ఆవుల పాలు పిండే హాలు. రోజుకి మూడు విడతలు ఆవులు వస్తాయి, పాలిస్తాయి, పేడ వేసి పోతాయి. ఆ పేడని లావుపాటి పైపుతో కడగడం ఎమ్మే పని. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి కింది దాకా ప్లాస్టిక్ గుడ్డ, దాని లోపల చొక్కా జేబులో పాలిథిన్ కవరు చుట్టిన పెన్ను. పేడ చింది మొహం మీద పడ్డా తుడుచుకునేవాడు కాదు గానీ, జేబు మాత్రం తడిమి చూసుకునేవాడు.

ఆవులతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. ఎందుకురా అంటే, "ఇవి సీమ ఆవులన్నా. తెలుగుల జెప్తె ఏం సమజైతది వాటికి" అనేవాడు. జరగమ్మా అని ఒక్క మాటలో చెప్పాల్సిన దాన్ని, దయచేసి, వీలైతే, తమకి ఇబ్బంది కలగకపోతే అంటూ పొడుగ్గా చెప్పేవాడు. అతను చెప్పడం పూర్తయ్యేసరికి ఆవు ఎలాగూ జరిగేది. దాంతో తన ఇంగ్లీషు పనిచేస్తోందని అతనికి గట్టి నమ్మకం.

ఆ ఇంగ్లీషు కోసం అతను బ్యాంకులో అప్పు చేశాడు. చదువు పూర్తయ్యాక ప్రైవేటు బడిలో తొమ్మిది వేల జీతం, ఎండాకాలం రెండు నెలలు అదీ లేదు. ఆ బడి బస్సు నడిపే ఆయనకి పదకొండు వేలట. ఈ మాట చెప్పిన ప్రతిసారీ, "ఆయినె మంచిగనే నడుపుతడు, కాదన" అని చేర్చేవాడు. మూడేళ్లు పాఠాలు చెప్పినా అప్పు తరగలేదు. సౌదీకి బయలుదేరే రోజు తండ్రి ఒక తీర్పు ఇచ్చాడు. దాన్ని ఎమ్మే మాకు ఎన్నిసార్లు చెప్పాడంటే, నాకు తండ్రి గొంతుతో సహా వచ్చేసింది.

"నువ్వు అక్కడ కష్టపడి పంపే జీతం ఇంటికి. ఇంగ్లీష్ జేసిన అప్పు ఇంగ్లీషే కట్టాలె. కట్టిననాడు నీది సదువే అని ఒప్పుకుంట, సెల్లెను గూడ ఆ సదువే సదివిస్త. కట్టకుంటె అది నర్సింగుకు పోతది."

చెల్లెలు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. అన్నలాగే ఇంగ్లీషులో ఎమ్మే చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. సూది చూస్తేనే కళ్లు తిరిగి పడిపోయే పిల్లట. అందుకని ఎమ్మే ఆ తీర్పుని చట్టంలా పట్టుకున్నాడు. ఇంకొకడైతే జీతంలోంచి అప్పు కట్టేసి, ఇంగ్లీషే కట్టిందని తండ్రికి చెప్పేవాడు. ఆ సలహా నేనే ఇచ్చాను. ఎమ్మే నా వైపు చూసిన చూపుకి నేను పదో తరగతి మళ్లీ తప్పినట్టనిపించింది.

కాబట్టి క్యాంపులో దుకాణం తెరిచాడు. దరఖాస్తు ఏదైనా పది రియాళ్లు. కానీ మా దగ్గర ఒక పద్ధతుంది. ఒక గదిలో ఉండేవాళ్లు ఒకరికొకరు చేసే పనికి పైసలు పుచ్చుకోరు. ఒకడు అందరికీ కటింగ్ చేస్తాడు, ఒకడు పొద్దున్నే పోయి రొట్టెలు తెస్తాడు, నేను ఫ్యాన్లు బాగుచేస్తాను. పది రియాళ్లు అడిగేసరికి లింగన్న మొహం మాడ్చుకున్నాడు. లింగన్న అంటే మా గదిలో పెద్దవాడు, దాణా లారీ తోలేవాడు. చివరికి అతనే మధ్యేమార్గం కనిపెట్టి దరఖాస్తుకి పది కోడిగుడ్లు ఇచ్చాడు. చూసి అందరూ గుడ్లే ఇచ్చారు. ఎమ్మే మంచం కింద గుడ్ల అట్టలు పేరుకున్నాయి. వాటిని అతను మళ్లీ మాకే అమ్మేవాడు. మా గుడ్లు మేమే కొనుక్కుని తిన్నాం కొన్నాళ్లు.

అయితే గుడ్లమ్మిన పైసలు ఇంగ్లీషు పైసలా కాదా అని ఎమ్మేకి అనుమానం పుట్టింది. ఒక శుక్రవారం గదిలో అందరం ఉండగా తండ్రికి ఫోను చేసి, స్పీకరు పెట్టి అడిగాడు.

"గుడ్డు ఇంగ్లీష్ పెట్టిందా, కోడి పెట్టిందా?" అన్నాడు అవతల నుంచి ఆయన.

"కోడే బాపు."

"మరి కోడి పైస కోడి ఖాతల రాయి."

లింగన్న నవ్వి నవ్వి మంచం మీంచి జారాడు. ఆ రోజు నుంచి ఎమ్మే గుడ్లు ముట్టలేదు. మేము కూడా వేరే దారి లేక, పది రియాళ్ల నోటు చేతికివ్వకుండా అతని దిండు కింద పెట్టిపోయేవాళ్లం. ఇచ్చినట్టూ ఉండేది కాదు, పుచ్చుకున్నట్టూ ఉండేది కాదు.

అతని దరఖాస్తు ఎలా ఉండేదో లింగన్న సంగతి చెబితే తెలుస్తుంది. బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి లింగన్నకి నెల రోజులు సెలవు కావాలి. ఎమ్మే బల్లని మూడుసార్లు తుడిచి, కాగితం సర్దుకుని, పెన్ను కవరు విప్పి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"బిడ్డకు పండ్లెన్ని అన్నా?"

"పన్నెండో పదమూడో ఉంటయి."

"గట్ల గాదు, సరిగ చెప్పు."

"సెలవుకు పండ్లెందుకురా?"

"చదివేటాయినె కండ్ల ముంగట పిల్ల నిలవడాలె అన్నా. లేకుంటె ఎందుకిస్తడు సెలవు?"

లింగన్న ఇంటికి ఫోను చేశాడు. వాళ్లావిడ పిల్ల నోట్లో వేలు పెట్టి లెక్కపెట్టి, పద్నాలుగు అని చెప్పి, నీకు అక్కడ ఎండదెబ్బ తగిలిందా అని కూడా అడిగింది. ఎమ్మే రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. రాసిన ప్రతి పేజీ మీదా ఊదేవాడు, బాల్‌పెన్ను సిరాకి ఆ అవసరం లేకపోయినా. ఆఖరున లేచి నిలబడి మొత్తం బిగ్గరగా చదివాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఎట్లుంది?" అన్నాడు.

"మంచిగుంది" అన్నాం.

"ఏం మంచిగుంది?" అన్నాడు. అందరం గిన్నెలు కడగడానికి లేచిపోయాం.

మా ముదీర్ ఈజిప్టు మనిషి, ఫారం మొత్తానికి మేనేజరు. నాలుగు పేజీలూ చదివాడట. మర్నాడు లింగన్నని పిలిచి, నెల కాదు నలభై అయిదు రోజులు పో, పిల్లకి ఏమైనా కొనిపెట్టు అని తన జేబులోంచి యాభై రియాళ్లు కూడా ఇచ్చాడు. ఇస్తూ, ఇంకెప్పుడైనా సెలవు కావాలంటే నోటితో అడుగు, నాలుగు పేజీలు మాత్రం పంపకు అని దండం పెట్టాడు. ఆ వార్త మూడు క్యాంపులకీ పాకింది. ఎమ్మే దిండు ఎత్తు పెరిగింది.

ఒక్కసారి మాత్రం అతను నిజంగా మొహం వేలాడేసుకోవడం చూశాను. పాల హాలుకి ఫోర్‌మన్ ఒక బంగ్లాదేశ్ ఆయన, బడి మొహం చూడనివాడు. అన్ని దేశాల వాళ్లతోనూ ఇంగ్లీషులో పని చేయిస్తాడని కంపెనీ అతనికి నెలకి రెండు వందల రియాళ్లు అదనంగా ఇచ్చేది. ఆ రెండు వందలు ఇంగ్లీషు పైసలే కదా అని ఎమ్మే పోయి ముదీర్‌ని అడిగాడు. సరే, ఒక పూట నువ్వు చెప్పి చూడు అన్నాడు ముదీర్.

మర్నాడు పొద్దున్న నేపాలీలు, పాకిస్తానీలు, మావాళ్లు పన్నెండు మంది హాల్లో నిలబడ్డారు. ఎమ్మే గొంతు సవరించుకుని ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. అందరూ మర్యాదగా విన్నారు. అయిపోయాక ఒక నేపాలీ చప్పట్లు కొట్టాడు. ఒక్కరూ కదల్లేదు. అప్పుడు ఫోర్‌మన్ వచ్చి, "యూ గో. యూ కమ్. వాటర్ బంద్. ఫినిష్" అన్నాడు. పన్నెండు మందీ పరుగెత్తారు.

ఆ వారమంతా ఎమ్మే ఆయన వెనకే తిరిగి, ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి ఇంగ్లీషు మాటా కాగితం మీద రాసుకున్నాడు. శుక్రవారం నా మంచం మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, మొత్తం ముప్పై ఒక్క మాటలే ఉన్నయి ఆయినెకు. నెలకు రెండు వందలు. అంటె మాటకు ఆరున్నర రియాళ్లు పడ్డది."

"నీకెన్ని మాటలొస్తయి?"

"తక్కువల తక్కువ ఇరవై వేలుంటయి."

"మరి లెక్కెయ్."

నేను ఎగతాళికన్నాను. అతను నిజంగానే లెక్కేశాడు. నెలకి లక్షా ముప్పై వేల రియాళ్లు తేలింది. ఆ అంకె కేసి చాలాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాడు. నవ్వొచ్చింది గానీ, అతని మెడ వంగి ఉండటం చూసి నవ్వలేకపోయాను.

అయినా పదీ పదీ పోగేసి నాలుగేళ్లలో అప్పు చివరిదాకా తెచ్చాడు. ఏడు వేల రూపాయలు మిగిలాయి, ఇక్కడి లెక్కలో మూడు వందల రియాళ్లు. సరిగ్గా అప్పుడే చెల్లెలి డిగ్రీ అయిపోయింది, ఎమ్మేలో సీటు వచ్చింది, పై వారం సోమవారం లోపు ఫీజు కట్టి చేరాలి. తండ్రి నర్సింగ్ కాలేజీ అప్లికేషను కూడా తెచ్చి ఇంట్లో పెట్టాడట. మూడు వందలంటే ముప్పై దరఖాస్తులు. రంజాన్ వెళ్లిపోయింది, ఇంటికి పోవాల్సిన వాళ్లంతా పోయి వచ్చేశారు, ఎవరికీ సెలవుతో పని లేదు. ఎమ్మే మంచం మంచానికీ తిరగడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఎవలమీదన్న ఫిర్యాదు ఉందా? ఉంటె చెప్పు, మంచిగ రాస్త."

"నీ మీదనే ఉంది. పండనిస్తలేవు" అన్నాడు లింగన్న.

నేను మూడు వందలు బదులిస్తానన్నాను. బదులు పైస ఇంగ్లీషు పైస కాదన్నాడు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. సరే అని ఒక ఉపాయం వేశాను. నా భార్యకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిపెట్టు, మూడు వందలిస్తా అన్నాను.

"వదినెకు ఇంగ్లీష్ రాదు గదన్నా."

"ఎవలతోనన్న చదివించుకుంటది."

"గది పది రియాళ్ల పని."

"పెండ్లాం ఉత్తరానికి రేటెక్కువ. రాస్తవా, వేరేటోణ్ని చూసుకోవాల్నా?"

అనుమానంగా చూశాడు గానీ పని పని కదా, ఒప్పుకున్నాడు. ఆ వారం నా ప్రాణం తీశాడు. చల్లగది దగ్గరికి బూట్లతో వచ్చి, వదిన కోపమొస్తే ఏం చేస్తుంది, నువ్వు ఫోను పెట్టేశాక ఏం చేస్తుంది, మొదటిసారి సౌదీకి వచ్చేనాడు బస్టాండులో ఏం జరిగింది అని అడిగేవాడు. విసుగెత్తి, ఏం జరిగింది, బస్సు కదలక ముందే పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వెళ్లిపోయింది అన్నాను. "పాలా" అని రాసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న కూర్చుని నమాజు వేళ దాటేదాకా రాశాడు. మూడు పేజీలు. నిలబడి చదివాడు. అందులో నా భార్య పేరు ఒక్కటే నాకు తెలిసింది. మూడు వందలు దిండు కింద పెట్టాను. ఆ మధ్యాహ్నమే అప్పు పూర్తిగా కట్టేసి, తండ్రికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"ఆఖరి పైసలు ఎవలిచ్చిన్రు?" అన్నాడు ఆయన.

ఎమ్మేకి అబద్ధం రాదు. చెప్పాడు.

"గది ఇంగ్లీష్ పైస గాదురా. దోస్తుకు జాలేసి ఇచ్చిండు. నీ ఉత్తరం ఆయినె పెండ్లానికి ఏం సమజైతది? పిల్ల నర్సింగుకే పోతది" అని పెట్టేశాడు.

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, నేను జాలితోనే ఇచ్చాను. ఎమ్మే నన్నేమీ అనలేదు. చెల్లెలికి ఫోను చేసి, ఇంగ్లీష్ కట్టలేకపోయిందే అని మాత్రం చెప్పాడు. నాకు అన్నం సహించలేదు. పైసలిచ్చి మరీ ఆ పిల్ల సీటు చెడగొట్టానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఉత్తరం ఫోటోలు అప్పటికే నా భార్యకి పంపి, ఎంతకి రాయించానో కూడా చెప్పి ఉన్నాను. చూసి ఆమె, ఇది కోర్టు కాగితమా, నన్ను విడిచిపెడుతున్నావా అని భయపడి, శనివారం పొద్దున్నే చదివించుకోవడానికి బయలుదేరింది. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు చదివే మనిషి ఎమ్మే చెల్లెలే. పది గంటలకి నేను మిషన్ల గదిలో ఉండగా ఆమె నుంచి ఫోను వచ్చింది.

"పాల సంగతి ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నవా?" అంది.

"ఏం పాలు?"

"నువ్వే రాసి నన్నడుగుతున్నవా? 'ఇక్కడ పాలు పైపులల్ల పారుతయి, టాంకర్లకు టాంకర్లు పోతయి, అయినా నేను ఆ గిన్నెడు పాల మీద అలిగి ఉన్న. అవి పొంగినయా, నువ్వు పోయి దించినవా అని పదకొండేండ్ల సంది అడగలేకపోయిన' అని రాయలేదా?"

అలిగిన మాట నిజమే. అది ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు.

"పొయ్యి మీద పాలు లెవ్వయ్యా ఆనాడు. నువ్వు బస్సెక్కంగ చూడలేక అట్ల జెప్పి ఉరికిన" అంది.

మిషన్ల చప్పుడులో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు, అదే నయం. పదకొండేళ్లలో వారానికి మూడుసార్లు ఫోనులో మాట్లాడుకున్న మొగుడూ పెళ్లాలం, ఈ ఒక్క మాట మాట్లాడుకోవడానికి ఇంగ్లీషులోంచి తిరిగి రావాల్సి వచ్చింది.

"ఇంకోటి ఇను" అంది ఆమె. "ఆ పిల్ల ఒక్కొక్క ముక్క ఇంగ్లీషుల సదివి తెలుగుల చెప్తాంటె, వాళ్ల బాపు అరుగు మీద తాడు పేనుకుంట కూసున్నడు. పాల కాడికి రాంగనె చెయ్యాగింది. అంత అయినంక, 'దీనికి నీ మొగడు ఎంతిచ్చిండు' అని అడిగిండు. మూడు వందల రియాళ్లు అన్న."

"ఏమన్నడు?"

ఆమె చెప్పింది. చెప్పి, సోమవారం పిల్లని వెంటబెట్టుకుని పోయి తనే ఫీజు కడతానన్నాడని కూడా చెప్పింది. నేను ఫోను పెట్టేయకుండా పాల హాలు వైపు పరుగెత్తాను. ఎమ్మే పైపు పట్టుకుని పేడ కడుగుతున్నాడు, ఆవులతో కూడా మాట్లాడటం లేదు. ఫోను అతని చెవి దగ్గర పెట్టి, మళ్లీ చెప్పవే అన్నాను. ఆమె మొదటి నుంచీ చెప్పింది.

"ఆఖరిది ఇంకోసారి చెప్పు వదినా" అన్నాడు.

"'తక్కువిచ్చిండు' అన్నడు తమ్మీ మీ బాపు."

పైపులోంచి నీళ్లు అతని బూట్ల మీదే పోతున్నాయి. ఇరవై వేల మాటలొచ్చిన మనిషికి ఒక్కటీ నోటికి రాలేదు. మోచేత్తో కళ్లు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, నా వైపు తిరిగాడు.

"ఇన్నవు గదన్నా" అన్నాడు. "మిగిలింది ఎప్పుడిస్తవ్?"